ఉప్పుగాలిలో ఉక్కుగుర్రం

పండుగ వస్తోందంటే చాలు, మన ఇళ్ళల్లో ఇత్తడి కుందులు చింతపండు రుద్దుకుని మెరుస్తాయి. వెండి కుంకుమభరిణె విభూతితో తళతళలాడుతుంది. అమ్మమ్మ నాటి రాగిచెంబుకు చిలుము పట్టనివ్వం. మరి లక్ష రూపాయలకు అటూ ఇటూగా పోసి కొనుక్కుని, రోజూ మన ప్రాణాన్నీ, వెనక కూర్చున్న పిల్లల ప్రాణాన్నీ అప్పజెప్పే మోటారు సైకిలు సంగతేమిటి? అది వాకిట్లో ఎండకు ఎండి, వానకు తడిసి, మంచుకు నాని, రెండేళ్ళు తిరిగేసరికి అక్కడక్కడా ఎర్రబారుతుంది. "పాతబడింది కదా!" అని సరిపెట్టుకుంటాం. పాతబడటం వేరు, తుప్పు పట్టడం వేరు. మొదటిది కాలం చేసే పని. రెండోది మనం చెయ్యని పని.

నేను ఇంజనీరును కాను. చదివింది బి.కాం. ముప్పై ఏళ్ళకు దగ్గరగా బ్యాంకు ఉద్యోగం. బరంపురంలో పుట్టి పెరిగి, బదిలీల పుణ్యమా అని గంజాం తీరంలోనూ, చెన్నైలోనూ, షోలాపూరులోనూ కాపురం పెట్టినవాణ్ణి. 1997లో కొన్న నా హీరో హోండా స్ప్లెండర్ ఈ ఊళ్ళన్నీ నాతోపాటే తిరిగింది. హీరో, హోండా కంపెనీలు 2010లో విడిపోవాలని నిశ్చయించుకున్నాయి గాని, మా బండి మాత్రం ఇంటిపేరు మార్చుకోలేదు. ఇప్పటికీ ఉదయం పూట ఒక్క తన్నుకే పలుకుతుంది. ఈ బండితో గడిపిన ఏళ్ళలో తెలిసినదీ, మంచి మెకానిక్కుల పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకున్నదీ మన సంఘం కుటుంబాలతో పంచుకోవాలని ఈ వ్యాసం. స్కూటరు వాడే అక్కచెల్లెళ్ళకు కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

ఇనుము పుట్టింటికి పోవడం

తుప్పు అంటే ఏమిటో తెలిస్తే సగం జాగ్రత్త తెలిసినట్టే. బళ్ళారి, సండూరు కొండల్లో తవ్వి తీసే ఎర్రటి ఖనిజం ఇనుమూ ప్రాణవాయువూ కలిసిన పదార్థం. దాన్ని కొలిమిలో బొగ్గుతో కాల్చి, ప్రాణవాయువును విడగొట్టి ఇనుము తీస్తారు. అలా బలవంతాన విడదీసిన ఇనుము, గాలీ నీరూ రెండూ దొరికిన మరుక్షణం మళ్ళీ ప్రాణవాయువుతో కలిసిపోవాలని చూస్తుంది. ఒక రకంగా చెప్పాలంటే తుప్పు అంటే ఇనుము పుట్టింటికి పోవడమే. గాలి ఒక్కటీ ఉంటే చాలదు, నీరు కూడా ఉండాలి. గాలిని ఎలాగూ ఆపలేం. కనుక మన పోరాటమంతా నీటితోనే.

సముద్రతీరంలో ఈ నీటికి ఉప్పు తోడవుతుంది. ఉప్పు రెండు పనులు చేస్తుంది. మొదటిది, తేమను పట్టి ఉంచడం. వర్షాకాలంలో వంటింటి ఉప్పుడబ్బా చెమర్చడం మీకు తెలిసిందే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరవుతుంది. తీరప్రాంతాల్లో చాలా రాత్రులు తేమ అంతకంటే ఎక్కువే. అంటే వాన పడకపోయినా బండి మీద పేరుకున్న ఉప్పు ప్రతి రాత్రీ ఉప్పునీరుగా మారుతోందన్నమాట. రెండోది, తుప్పు పట్టడమనేది లోహం మీద జరిగే చిన్నపాటి బ్యాటరీ పని లాంటిది. మామూలు నీటికంటే ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది గనుక ఆ పని వేగం పుంజుకుంటుంది.

బ్యాంకువాడిని గనుక నా భాషలో చెబుతాను. తుప్పుది బారువడ్డీ కాదు, చక్రవడ్డీ. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద మొదలైన చిన్న మచ్చ ఉబ్బి, పైనున్న రంగును పెచ్చుగా లేపేస్తుంది. లోపలి కొత్త ఇనుము బయటపడుతుంది. దానికి మళ్ళీ నీరు తగులుతుంది. అసలు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ.

"మరి ఢిల్లీలో ఆ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా చెక్కు చెదరలేదే?" అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ స్తంభపు ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. దానివల్ల స్తంభం మీద ఒక పలుచని రక్షణ పొర ఏర్పడిందని కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన ఆచార్య ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధించి చెప్పారు. ఢిల్లీ గాలిలో ఉప్పు లేకపోవడమూ దానికి కలిసి వచ్చింది. మన బండి ఉక్కుకు ఆ యోగం లేదు. దాని మీద పొర మనమే కల్పించాలి. రంగు, క్రోమియం పూత, మైనం, నూనె అన్నీ ఆ పని కోసమే.

మీ ఊరి గాలి ఎలాంటిది?

మన పత్రిక పాఠకులు అనేక ప్రాంతాల్లో ఉన్నారు. అందరికీ ఒకే మందు పనిచెయ్యదు.

గోపాలపూర్, పూరీ, చెన్నై, యానాం, ముంబై వాసులకు మొదటి శత్రువు ఉప్పుగాలి. సముద్రానికి ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రమాదం. మీకు వారానికోసారి మంచినీటితో కడగడం తప్పనిసరి.

షోలాపూరు, రాయచూరు, బళ్ళారి వైపు గాలి పొడి. అక్కడ తుప్పు నెమ్మది, దుమ్ము వేగం. షోలాపూరులో ఉన్న నాలుగేళ్ళలో నా బండికి కొత్త తుప్పు మచ్చ ఒక్కటి కూడా రాలేదు. కానీ చైను మాత్రం రెట్టింపు వేగంతో అరిగింది. నూనె మీద దుమ్ము చేరితే అది గరుకు కాగితంలా పనిచేస్తుంది. అక్కడ కడగడం తగ్గించి, తుడవడం పెంచాలి.

రాయగడ, జయపురం, కొరాపుట్ వైపు వానా, ఎర్రబురదా. మడ్‌గార్డుల లోపల గడ్డకట్టిన బురద వారాల తరబడి తడి పట్టి ఉంచుతుంది. భివండీ వంటి ఊళ్ళలో నాలుగు నెలల ముసురు. బెంగుళూరు అపార్టుమెంట్లలో నేలమాళిగలే బండ్ల మకాం. అక్కడ వాన పడకపోయినా గాలి ఆడక చెమ్మ నిలుస్తుంది.

తుప్పు దాక్కునే చోట్లు

మద్రాసు తిరువొత్తియూరులో తయారైన పాత బుల్లెట్టు, మైసూరులో 1996 దాకా తయారైన జావా, ఎజ్డీ బండ్లు చూసినవారికి తెలుసు, వాటిలో ఒళ్ళంతా ఇనుమే. తుప్పు పడితే కంటికి కనిపించేది. ఈనాటి బండ్లకు పైన ప్లాస్టిక్ తొడుగులు ఎక్కువ. పైకి కొత్త పెళ్ళికొడుకులా ఉంటుంది, లోపల ఎముక కుళ్ళుతున్నా తెలియదు. కాబట్టి ఆరు నెలలకోసారి సీటూ, పక్క తొడుగులూ విప్పించి, టార్చిలైటు వేసి చూడండి.

చూడవలసిన చోట్లు ఇవి: సీటు కింద ఫ్రేము అతుకులు, వెనక చక్రం ఇరుసు చుట్టూ, మడ్‌గార్డుల లోపలి వైపు, స్టాండు స్ప్రింగు, పాదం మోపే కడ్డీలు, చక్రాల రిమ్ములో పుల్లలు దిగే రంధ్రాలు, బ్యాటరీ పళ్ళెం. ఇవి కాక కంటికి కనిపించనివి మరో మూడున్నాయి.

మొదటిది సైలెన్సరు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందంటే చాలామంది నమ్మరు. కాని అది నిజం. ఇంజను బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరై పోతుంది. సందు చివరి కొట్టుదాకా వెళ్ళి వచ్చి ఆపేస్తే సైలెన్సరులోనే నిలిచి, లోపలి నుంచి తినేస్తుంది. చిన్న చిన్న ప్రయాణాలే చేసేవారు వారానికోసారైనా పది పదిహేను కిలోమీటర్లు ఆగకుండా నడపాలి. కొన్ని సైలెన్సర్ల అడుగున నీరు కారడానికి ఒక సన్నటి బెజ్జం ఉంటుంది. దాన్ని మూయకండి.

రెండోది పెట్రోలు ట్యాంకు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చల్లబడగానే అది చెమటగా లోపలి గోడలకు పడుతుంది. 2023 నుంచి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలైంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. అందువల్ల పాత బండ్లున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. సెలవులకు ఊరెళ్ళేటప్పుడు ట్యాంకు నింపి వెళ్ళండి. నెలల తరబడి కదిలించని పక్షంలో పెట్రోలు తీసేయించి, లోపల పలుచగా నూనె పట్టించడం మేలు.

మూడోది బ్రేకు, క్లచ్ తీగలు. పై తొడుగు బాగానే కనిపిస్తుంది. లోపలి తీగ పోగులు ఒక్కొక్కటే తుప్పు పట్టి తెగుతూ వస్తాయి. చివరి పోగు తెగేది మనం గట్టిగా బ్రేకు నొక్కిన రోజునే. లివరు దగ్గర తీగ చివర ఒక్క పోగు విడిపోయి కనిపించినా తీగ మార్చెయ్యండి. ఖరీదు వందల్లోనే ఉంటుంది.

చేపల బండి కథ

గంజాం తీరంలో నేను మేనేజరుగా ఉన్న రోజుల మాట ఇది. అక్కడి పల్లెల్లో మన తెలుగు మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఒడియావారు వారిని నోళియాలంటారు. వారిలో ఒకతను మా బ్యాంకులో అప్పు తీసుకుని మోటారు సైకిలు కొన్నాడు. తెల్లవారుజామున తీరంలో చేపలు పాడుకుని, ప్లాస్టిక్ పెట్టెల్లో మంచుతో సర్ది, వెనక క్యారియరు మీద కట్టుకుని బరంపురం అంగడికి చేరవేసేవాడు. పదిహేను, పదహారు కిలోమీటర్ల దారి. ఎనిమిదింటికి తిరిగి వచ్చి, అదే బండి మీద కూతుర్ని కాలేజీ బస్సు దగ్గర దింపేవాడు. మూడేళ్ళ వాయిదాలు ఒక్కటి కూడా తప్పలేదు.

అప్పు తీరడానికి రెండు నెలలుందనగా ఆ పల్లెకు తనిఖీకి వెళ్ళాను. బండి ముందు సగం బాగానే ఉంది. వెనక సగం చూస్తే మాత్రం సముద్రంలోంచి తీసిన లంగరులా ఉంది. పెట్టెల్లోంచి కారే మంచునీరు, చేపల ఉప్పునీరు రోజూ షాక్ అబ్జార్బర్ల మీదుగా, ఇరుసు మీదుగా, చైను మీదుగా కారుతోంది. అక్కడే ఉన్న మెకానిక్కును పిలిచి చూడమన్నాను. అతను సీటు తీసి, క్యారియరు బిగించిన చోట ఫ్రేము గొట్టాన్ని స్క్రూడ్రైవరుతో తట్టాడు. రెండో దెబ్బకు కొన లోపలికి దిగిపోయింది. అందరం ఒక్క నిమిషం మాట్లాడలేదు. నిండు పెట్టెల బరువుతో ఆ గొట్టం హైవే మీద విరిగి ఉంటే? కూతురు వెనక కూర్చున్నప్పుడు విరిగి ఉంటే?

"ఉప్పుతోనే బతుకుతున్నాం బాబూ, ఉప్పే బండిని తినెస్తంది. ఏటి సేత్తాం?" అన్నాడతను. ఆ ప్రశ్నకు జవాబు మెకానిక్కు దగ్గరుంది. ముందు కుళ్ళిన గొట్టం కోసి, కొత్తది వెల్డింగు చేశాడు. క్యారియరు మీద అంచులున్న రేకు పళ్ళెం పరిచి, దానికి జింకు పూత పట్టించి, ఒక మూల రంధ్రం పెట్టి రబ్బరు గొట్టం తగిలించాడు. కారిన నీరంతా ఆ గొట్టం గుండా ఒక డబ్బాలో పడుతుంది, బండిని తాకదు. జింకు పూతకు ఒక మంచి గుణం ఉంది. గీత పడి ఇనుము బయటపడినా, చుట్టూ ఉన్న జింకు ముందు తానే కరిగి ఇనుమును కొంతకాలం కాపాడుతుంది. మన ఇళ్ళ మీద జింకు రేకులు అన్నేళ్ళు నిలిచేది అందుకే.

మిగతా సగం పని ఇంట్లోనే జరిగింది. బండి ఇంటికి రాగానే అతని భార్య రెండు బిందెల మంచినీళ్ళు వెనక భాగం మీద పోసేది. మంచినీళ్ళు మోసుకొచ్చే ఊళ్ళో రెండు బిందెలంటే మాటలు కాదు. "ఈ బండి కూడు పెడతంది బాబూ. దానికి తానం సేయించకపోతే ఎలా?" అని ఆమె నాతో అంది. సాయంత్రం అతను పొడిగుడ్డతో తుడిచి, చైనుకు నూనె వేసేవాడు. ఆ తరువాత నాకు బదిలీ అయింది. ఆరేళ్ళ తరువాత బరంపురం అంగడిలో అదే బండి, అదే పళ్ళెంతో కనిపించింది. కూతురు నర్సు ఉద్యోగంలో చేరిందని చెప్పాడు.

కడగడానికీ ఒక పద్ధతుంది

మన ఇంటి బండికి అంత కష్టం లేదు. వారానికి అరగంట చాలు.

నడిపి వచ్చిన వెంటనే వేడి ఇంజను మీద చన్నీళ్ళు పోయకండి. అరగంట చల్లారనివ్వండి. నీడలో నిలపండి. ఎండలో కడిగితే సబ్బునీరు తుడిచే లోపే ఆరిపోయి మరకలవుతుంది. సైలెన్సరు మూతికి ప్లాస్టిక్ సంచి కట్టండి. తరువాత విప్పడం మరిచిపోకుండా తాళంచెవిని కూడా ఆ సంచికే కట్టడం మంచి ఉపాయం.

ముందు మామూలు ధారతో దుమ్ము, ఇసుక జారిపోయేలా నీళ్ళు పోయండి. ఇసుక ఉండగానే గుడ్డతో రుద్దితే రంగు మీద సన్నటి గీతలు పడతాయి. ఆ గీతలే రేపటి తుప్పుకు దారులు. తరువాత వాహనాల షాంపూ కలిపిన నీటితో పై నుంచి కిందికి రుద్దండి. అది లేకపోతే తలకు వాడే తేలికపాటి షాంపూ అయినా ఫరవాలేదు. బట్టల సబ్బుపొడి మాత్రం వద్దు. దానిలోని క్షారం రంగు మీది మైనపు పొరను ఊడ్చేస్తుంది. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూ నీటికి, ఒకటి గుడ్డ జాడించడానికి. చక్రాలకూ చైనుకూ వాడిన గుడ్డ ట్యాంకు మీదికి రాకూడదు.

వాటర్ వాష్ చేసే చోట పిచికారీని ఇరుసులకూ, హ్యాండిలు మెడకూ, స్విచ్చులకూ దగ్గరగా పెట్టనివ్వకండి. ఆ ఒత్తిడికి నీరు బేరింగుల్లోకి దూరి, గ్రీజును తోసేస్తుంది. కడిగాక మెరుపు కోసం డీజిలు కొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది రబ్బరును పాడుచేస్తుంది, దుమ్మును అంటించుకుంటుంది, పొరపాటున బ్రేకు మీద పడితే ప్రమాదం కూడా. వద్దని చెప్పండి.

బోరునీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళల్లో చివరి బకెట్టు మాత్రం కుళాయి నీరో, పట్టి ఉంచిన వాన నీరో పోయండి. అదీ లేకపోతే నీరు ఆరే లోపే తుడిచెయ్యండి. ఆరిపోయిన ఉప్పునీరు బండి మీద ఉప్పును మిగులుస్తుంది.

కడగడం కన్నా తుడవడం ముఖ్యం. పాత నూలు పంచె ముక్క దీనికి సాటిలేనిది. తుడిచాక బండిని రెండు కిలోమీటర్లు నడపండి. సందుల్లోని నీరు వేడికీ గాలికీ పోతుంది. దారిలో రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు వేస్తే బ్రేకులు కూడా ఆరతాయి. తడి బ్రేకు సరిగా పట్టదని గుర్తుంచుకుని మెల్లగా వెళ్ళండి.

మైనం, నూనె, గ్రీజు

రంగు వేసిన భాగాలకూ, క్రోమియం పూతకూ రెండు నెలలకోసారి వాహనాల మైనం పట్టించండి. క్రోమియం పూత కంటికి అద్దంలా కనిపిస్తుంది గాని, దానిలో కనిపించని సన్నటి పగుళ్ళుంటాయి. నీరు అక్కడినుంచే దిగుతుంది. పూత మీద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు కనిపిస్తే, వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం ఉండచుట్టి, నీటితో తడిపి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమియం కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు, చుక్కలు పోతాయి. ఆ వెంటనే తుడిచి మైనం పట్టించండి. ఇసుక కాగితంతో మాత్రం క్రోమియాన్ని ముట్టుకోకండి.

చైనును నెలకోసారి, వానాకాలంలో పదిహేను రోజులకోసారి చూడండి. కిరోసిన్‌తో పాత టూత్ బ్రష్షు ముంచి మురికి తీసి, తుడిచి, 90 నంబరు గేరు ఆయిలు లోపలి వైపున చుక్కచుక్కగా వేసి, చక్రం చేత్తో తిప్పండి. ఇంజను ఆన్ చేసి చైను తుడవడం అస్సలు చెయ్యకండి, వేళ్ళు తెగుతాయి. పది నిమిషాలాగి పైన మిగిలిన నూనె తుడిచెయ్యండి. చైను ఎంత వదులుండాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు అది రెండు మూడు సెంటీమీటర్లు.

బ్యాటరీ కొనల మీద తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకుంటే, ముందు ఋణ కొన, తరువాత ధన కొన విప్పి, వంటసోడా నీటితో తుడిచి, ఆరాక బిగించి, పైన పలుచగా వేసలీన్ పూయండి. స్టాండు స్ప్రింగుకూ, లివర్ల ఇరుసులకూ కొంచెం గ్రీజు. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. మైనం, నూనె, గ్రీజు ఏవీ బ్రేకు డ్రమ్ముకూ, డిస్కుకూ, టైరుకూ తగలకూడదు.

ప్లాస్టిక్ పట్టా కప్పితే బండికి రక్ష అనుకుంటాం. తడి బండి మీద గాలి ఆడని పట్టా కప్పడమంటే ఆవిరి మీద ఇడ్లీ పాత్ర మూత పెట్టడమే. నూలు గుడ్డ గాని, గాలి ఆడే పట్టా గాని, అదీ బండి ఆరాకే కప్పండి.

పూజ తరువాత

కర్ణాటక, తమిళనాడు వైపు దసరాకు ఆయుధపూజ, ఒడిశాలో సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. బండికి బొట్టు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మన ఆనందం. అది మానమని ఎవరూ అనరు. అయితే నిమ్మరసం పులుపు, కుంకుమ తడి, దండలోని తడిదారం రోజుల తరబడి రంగు మీదా, క్రోమియం మీదా ఉండిపోతే మచ్చలు పడతాయి. మరునాడు నీళ్ళతో కడిగి తుడిచెయ్యండి. కాకిరెట్ట కూడా అంతే. అది రంగును తినేస్తుంది. గోకకుండా తడిగుడ్డ వేసి నానబెట్టి తీసెయ్యండి.

వరదలో మునిగితే

2005 జూలైలో ముంబై, 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను నాటి గంజాం, 2015 డిసెంబరులో చెన్నై. మనవాళ్ళున్న ఊళ్ళలో బండ్లు నీళ్ళలో మునిగిన సంవత్సరాలివి. మునిగిన బండిని నీరు తీయగానే స్టార్టు చెయ్యాలనిపిస్తుంది. చెయ్యకండి. నీరు గాలిలా నొక్కుకుపోదు. సిలిండరులో నీరుండగా ఇంజను తిరిగితే లోపలి కడ్డీ వంగుతుంది. వరద నష్టానికి బీమా ఉన్నా, ఇలా తరువాత జరిగిన నష్టాన్ని కంపెనీలు కాదనే అవకాశం ఉంది.

ముందు నీటిమట్టం తెలిసేలా ఫోటోలు తీయండి. బ్యాటరీ విప్పండి. బీమా కంపెనీకి తెలియజేయండి. తరువాత మెకానిక్కు చేత స్పార్కు ప్లగ్గు తీయించి, ఇంజను ఆయిలూ, పెట్రోలూ మార్పించండి. తీసిన ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరిందని అర్థం. బ్రేకులూ, చక్రాల బేరింగులూ విప్పించి చూడాలి. బయటి భాగాలను మాత్రం వీలైనంత త్వరగా మంచినీటితో కడిగెయ్యండి. బురదా ఉప్పూ ఆరనిస్తే వారంలో ఎర్రబడుతుంది. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉన్నవారికి వరద నష్టం రాదు. ఈ సంగతి తుపానుకు ముందే తెలుసుకోవాలి.

మచ్చ కనిపిస్తే

రూపాయి బిళ్ళంత మచ్చను ఇంట్లోనే మాన్పవచ్చు. వదులుగా ఉన్న తుప్పును తీగ బ్రష్షుతో దులిపి, మెరిసే ఇనుము కనిపించేదాకా ఇసుక కాగితంతో రుద్దండి. ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు దొరికితే చేతికి తొడుగు వేసుకుని పూసి, డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరనివ్వండి. ఆ రోజే ప్రైమరు వేయండి. రుద్దిన ఇనుమును రాత్రంతా వదిలితే తెల్లారేసరికి మళ్ళీ ఎర్రబడుతుంది. ప్రైమరు ఆరాక రంగు రెండు పలుచని పూతలు. తుప్పు మీదనే రంగు వేస్తే మొండి బకాయి మీద కొత్త అప్పు ఇచ్చినట్టే, రెండూ పోతాయి. అయితే ఫ్రేము మీదా, వెనక చక్రాన్ని మోసే కడ్డీ మీదా లోతుగా గుంటలు పడితే సొంతవైద్యం వద్దు. మంచి మెకానిక్కుకు చూపించాలి.

లెక్క చూసుకుందాం

బీమా కంపెనీల పట్టిక ప్రకారం కొత్త బండి విలువ మొదటి ఏడాది లోపే 15 శాతం, నాలుగు దాటి ఐదేళ్ళ లోపుకు 50 శాతం తరుగుతుంది. ఇది కాగితం మీది తరుగుదల. మీరు బండిని అద్దంలా ఉంచినా, చెత్తకుప్పలో పెట్టినా ఈ అంకెలు మారవు. నిజమైన తరుగుదల మాత్రం మన చేతిలో ఉంది. తుప్పు వల్ల వచ్చే నష్టం బీమాలో రాదు, ఎందుకంటే అది అరుగుదల కింద లెక్క.

మరో ముఖ్యమైన సంగతి. సొంత వాహనానికి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. తరువాత ఐదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. అక్కడ మొదట చూసేది ఫ్రేము మీద గుద్దిన చాసిస్ నంబరు. చాలా బండ్లకు అది హ్యాండిలు మెడ దగ్గర ఉంటుంది. తుప్పు ఆ అంకెలను తినేస్తే బండి మీదేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. అమ్మాలన్నా, బీమా సొమ్ము రావాలన్నా ఆ నంబరే ఆధారం. ఏడాదికోసారి దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, పైన పలుచగా గ్రీజు రాయండి. అంకెల మీద రుద్దడం, మందపాటి రంగు వెయ్యడం మాత్రం చెయ్యకండి. నా బండి ఇలా మూడుసార్లు తనిఖీ దాటింది.

ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలుంటే ఈ పని వారితో కలిసి చెయ్యండి. బండి కొనివ్వగానే వేగం నేర్చుకుంటారు. దాని ఎముక ఎక్కడుందో, బ్రేకు తీగ ఎక్కడ తెగుతుందో ఎవరైనా కూర్చోబెట్టి చూపిస్తే గాని తెలియదు. మొదటిసారి కాబట్టి ఈ ఆదివారం ఒక్క గంట పెట్టుకోండి. రెండు బకెట్లు, ఒక షాంపూ పొట్లం, పాత పంచె ముక్క, చిన్న సీసాలో గేరు ఆయిలు, ఒక టార్చిలైటు ఉంటే చాలు. ముందుగా టార్చి వేసి సీటు కింద చూడండి.